కుట్లు లేని రజాయి

ఆయన పోయాడని ఫోన్ చేసినవాడు ముందుగా ఆయన బరువు చెప్పాడు. "లాస్ట్‌కు ముప్ఫై తొమ్మిది కిలోలకు వచ్చిండు సార్," అన్నాడు మా పాత ఆఫీసు అటెండరు. తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, పొద్దున అయిదింటికి ప్రాణం పోయిందని చెప్పాడు. ఆ వరస ఆయనకు నచ్చేది. బతికినన్నాళ్లూ ఏ వస్తువు చేతికిచ్చినా ఆయన మొదట అడిగింది ఒకటే: "ఎంత?" గ్రాముల్లో చెప్పాలి. కిలోల్లో చెప్పేవాళ్లను ఆయన నమ్మేవాడు కాదు.

అప్పటికి నేను బదిలీ మీద ఆబిడ్స్‌లో ఉన్నాను. అక్కణ్నుంచి నాంపల్లి స్టేషను వెనక సందులో ఉన్న ఆయన ఇంటికి నింపాదిగా నడిస్తే ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ నేను ఎనిమిదేళ్లలో నాలుగైదు సార్లు నడిచి ఉంటాను, అదీ ఆయన అక్క చర్చికి వెళ్లే వేళ కనుక్కుని. ఆయనంటే నాకు భయం లేదు. ఆమెకు నేనొక నిజం చెప్పాల్సి ఉంది. పెద్ద నిజం కూడా కాదు. ఎనిమిదేళ్లుగా తమ్ముడు తనతో ఎందుకు మాట్లాడడం లేదో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. నేనాడిన ఒక్క అబద్ధం వల్ల. ఆయన ఉండగా చెప్పి ఉంటే ఏదో ఒకటి అయ్యేది. ఇప్పుడు వెళ్లి చెప్పాలి, లేదా ఎప్పటికీ చెప్పకూడదు. చొక్కా మార్చుకుని బయల్దేరాను.

ఆయన మా సెక్షను సూపరింటెండెంటు. సన్నగా, పొడుగ్గా, గోడకు ఆనించి మరిచిపోయిన గొడుగులా ఉండేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "ఇద్దరి లగేజీ ఎవరు మోస్తరయ్యా?" అనేవాడు. మెదక్ దగ్గరి క్రైస్తవ కుటుంబం. అక్క అక్కడే మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి, రిటైరై తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. సందంతా ఆమెను సిస్టరమ్మ అనేవాళ్లు. మేం ఆఫీసువాళ్లం అక్కా అనేవాళ్లం.

ఏటా డిసెంబరులో ఆయన పదిహేను రోజులు సెలవు పెట్టి హిమాలయాలకు పోయేవాడు. పుణ్యక్షేత్రాలకు కాదు. మంచులో నడవడానికి. ఒంటరిగా, ఇల్లు వీపున వేసుకుని. అక్కడేముంది సార్ అంటే "ఏం లేదు. అందుకే," అనేవాడు. మిగతా పదకొండున్నర నెలలూ ఆ ఇంటి బరువు తగ్గించడంతో సరిపోయేది.

డిస్పాచ్ సెక్షన్లో ఉత్తరాలు తూచే పాత త్రాసు ఒకటి మూలన పడి ఉంటే బాగుచేసి తన బల్ల మీద పెట్టుకున్నాడు. టూత్‌బ్రష్ పిడి సగానికి కోసి తూచాడు. చొక్కా కాలరులో లేబులు విప్పి తూచాడు. దువ్వెన సగం చాలని విరిచాడు. ఆయన తల చూసినవాళ్లకు ఆ సగం కూడా ఎక్కువే అనిపించేది. ప్రార్థన పుస్తకంలోంచి నాలుగు కాగితాలు మాత్రమే తీసుకుపోయేవాడు.

"మిగతా ప్రార్థనలు ఎట్ల సార్?" అన్నాను ఒకసారి.

"అవి అక్క ఇంట్ల చేస్తది."

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి కదా, ఆ మెట్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఆయన అక్కడ గంటలకు గంటలు గొంతుకూర్చుని, కొండలెక్కేవాళ్ల విదేశీ పత్రికలు ఏరుకునేవాడు. అట్లా ఒక ఆదివారం దొరికిన పత్రికలో ఆయన జీవితం ఉంది. మరీ అతిశయోక్తి అనుకుంటే, ఆయన మాట్లాడే విషయం ఉంది.

మర్నాడు ఇరానీ హోటల్లో నాకు బన్ను మీద పాఠం చెప్పాడు. బన్నును బొటనవేలితో అదిమి, "ఇప్పుడు దీంట్ల ఏం పోయింది?" అన్నాడు.

"నా టిఫిను సార్."

"గాలి పోయింది. బాతుకు ఈకల కింద నూగుంటది చూడు, మెత్తగ, పొగ లెక్క. వెచ్చదనం ఆ నూగుది కాదు. నూగు పట్టుకున్న గాలిది. స్లీపింగ్ బ్యాగుల పండుకున్నవనుకో, నీ కింద ఉన్న నూగంత నలుగుతది. నలిగితే గాలి లేదు. గాలి లేకుంటే అది ఉన్నా లేనట్టే. లేనిదాన్ని వీపున మోసుడెందుకు?"

కాబట్టి కింది సగం కోసెయ్యాలి. పైన కప్పుకునేదే ఉండాలి. అంటే రజాయి. నూగు రజాయి. కింద చిన్న రబ్బరు చాప. ఇంతే సిద్ధాంతం. కానీ ఆయనకు అది రజాయితో ఆగలేదు. ఏది నలిగితే దాన్ని దించెయ్యడం ఆయనకు అలవాటైపోయింది. చిన్నప్పటి స్నేహితుడొకడు ఏదో మాట తప్పాడు. ఈయన పోట్లాడలేదు, నిలదీయలేదు. ఆ పేరు ఎత్తడం మానేశాడు. నేను ఒకసారి ఎత్తితే, ఎవరిదో పాత చిరునామా విన్నట్టు చూశాడు.

రజాయి తయారుకావడానికి ఒక చలికాలమంతా పట్టింది. నూగు కోసం, పేవ్‌మెంటు మీద స్వెటర్లు అమ్మేవాళ్ల దగ్గర రెండు పాత విదేశీ కోట్లు కొని వాటి పొట్ట చీల్చాడు. పైగుడ్డ కోసం బేగం బజార్ అంతా తిరిగి, గొడుగులకు వాడే పల్చటి నైలాను తెచ్చాడు. ఇక కుట్టేవాడు. నాంపల్లిలో దర్గా వైపు పోయే దారిలో రజాయిల చాచా ఉండేవాడు. మూడు తరాలుగా దూది ఏకే ఇల్లు. చాచా నూగును చూసి అలవాటు కొద్దీ దూది ఏకే విల్లు తీసి ఒక్క దెబ్బ కొట్టాడు. పావు కిలో నూగు సందులోకి లేచింది. ఎదురుగా మిర్చీ బజ్జీలవాడు ఆ పూట బేరం మానుకున్నాడు.

మిగిలినదాన్ని మేం ఏరి తెచ్చాక అసలు తగాదా మొదలైంది. చాచాకు కుట్లు కావాలి. సారుకు వద్దు.

"రజాయి అంటెనే కుట్టు సారూ. కుట్టు లేకుంటె లోపలిదంత కాళ్ల కాడ జమైతది. రేపు మీరే వచ్చి నన్ను తిడ్తరు."

"లోపల గోడలు పెడ్తున్న గద చాచా, గుడ్డ గోడలు. మీది గుడ్డకు, కింది గుడ్డకు నడుమ. ఆ అరలల్ల నూగు నిలవడి ఉంటది. నువ్వు పైకెల్లి కిందికి కుట్టేసినవనుకో, రెండు గుడ్డలు అతుక్కపోతయి. ఆ కుట్టు వడ్డ కాడికెల్లి చలి లోపల్కి వస్తది."

"రజాయిల గోడలు!" చాచా సూది కింద పెట్టేశాడు. "ఇంగ కిరాయికి ఇయ్యుండ్రి."

చివరికి సారే పక్కన కూర్చుని, ఒక్కో గోడా తానే పట్టుకుని కుట్టించుకున్నాడు. త్రాసు మీద ఆరు వందల ఇరవై గ్రాములు. నా చేతిలో పెట్టాడు. ఇంకా పెట్టలేదనుకుని నేను చెయ్యి చాపే ఉంచాను.

అక్కకు అది అవమానంలా తోచింది. ఆమె కప్పుకునే దూది రజాయి నాలుగు కిలోలు. "గిది కప్పుకుంటె కప్పుకున్నట్టన్న తెలుస్తదా తమ్మీ?" అని నాతో అనేది. "రజాయి అంటె మనిషిని పట్టుకోవాలె." ప్రతి డిసెంబరులోనూ, ఆయన బ్యాగు సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి ఒకటే మాట: "నా మాటిని చాచాకిచ్చి నాలుగు కుట్లన్న ఏపియ్యరా."

"అక్కా, నువ్వు ప్రార్థన జెయ్యి."

"జేస్తనే ఉన్న. కుట్లు గూడ ఏపియ్యి."

ఆమె ఎనిమిది చపాతీలు చుట్టి ఇచ్చేది. ఆయన తూచి, అయిదు తీసుకుని మూడు వెనక్కిచ్చేవాడు. స్టేషను దాకా ఆ మూడింటినీ పట్టుకుని ఆమె వెంట నడిచేది. రైలు కదిలాక ఆయన చెయ్యి చాపి వాటిని తీసుకునేవాడు. ఇది ఏటా జరిగేది. వాళ్లిద్దరి మధ్య ప్రేమ అనేదేదైనా ఉంటే ఆ మూడు చపాతీల బరువు ఉండేది. ఎంతో ఆయన తూచాడు కూడా.

నేను ఆ కొండల్లోకి వెళ్లడం ఒక జోకు ఫలితం. "ఈసారి నన్నూ తీస్కపోండి సార్, నా బరువు అరవై రెండు కిలోలే," అన్నాను అందరి ముందూ, నవ్వించడానికి. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. మర్నాడు నా బల్ల మీద ఒక జాబితా ఉంది, ప్రతి వస్తువు పక్కనా గ్రాములతో. నెల తిరక్కుండా నాకోసం రెండో రజాయి కుట్టించాడు. పదిహేనేళ్లుగా ఒంటరిగా వెళ్లిన మనిషి తోడు దొరికిందని ఎంత సంబరపడ్డాడో నాకు ఆ జాబితా చూస్తే గాని తెలియలేదు. చేతిరాత వంకర్లు పోయింది. ఇక జోకు అని చెప్పే ధైర్యం లేకపోయింది.

హైదరాబాదులో చలి దొరకదు కాబట్టి రజాయిని పరీక్షించడానికి నన్ను ఉస్మాన్‌గంజ్ అవతల ఒక కోల్డ్ స్టోరేజీకి తీసుకుపోయాడు. ఎవరినో బతిమాలుకున్నాడు. మధ్యాహ్నం రెండింటికి, మిరపకాయల బస్తాల నడుమ, చింతపండు వాసనలో, రబ్బరు చాప మీద నన్ను పడుకోబెట్టి రజాయి కప్పాడు. పక్కన థర్మామీటరు పట్టుకుని కూర్చున్నాడు. హమాలీలు వచ్చి చూసి పోతున్నారు.

"ఎవలు సారూ? పానం బాగలేదా?" అన్నాడొకడు.

"బాగనే ఉన్నడు. పరీక్ష."

"ఏం పరీక్ష?"

"చలి పెడ్తదా లేదా అని."

హమాలీ నన్ను కాసేపు చూశాడు. "పెడ్తది సారూ," అన్నాడు జాలిగా. "గందుకె గద గోదాము కట్టిన్రు."

నిజానికి పెట్టలేదు. గంటన్నర పడుకున్నాను. మిరప ఘాటుకు తుమ్ములొచ్చాయి గాని ఒక్కసారీ వణకలేదు. ఆయన స్కేలు తీసి రజాయి మందం కొలిచాడు: రెండున్నర అంగుళాలు. "ఇది పొంగి ఉన్నంత సేపు నీకేం గాదు," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

లేస్తుంటే బస్తాకు గుచ్చిన కొక్కెం తగిలి రజాయి మూల చిరిగింది. బెత్తెడు. ప్రయాణం మూడోనాడు. ఆయనకు ఆఫీసులో సెలవు ముందటి పని. "నేను కుట్టిస్త సార్," అన్నాను.

"ఒక్క అతుకు, అంతే. చాచా పక్కన కూసోని కుట్టిచ్చుకో. ఇడిసిపెట్టి పోకు."

విడిచిపెట్టిపోయాను. ఆబిడ్స్‌లో మార్నింగ్ షో ఉంది. సినిమా పేరు కూడా గుర్తులేదు. సాయంత్రం వెళ్లేసరికి చాచా దుకాణం ముందు బల్ల మీద నా రజాయి పరిచి ఉంది. అతుకు వేశాడు. అక్కడితో ఆగలేదు. ఈ చివర నుంచి ఆ చివరకు, రెండేసి వేళ్ల దూరంలో, గీత గీసినట్టు కుట్లు. మధ్యలో తెల్ల దారంతో ఒక పువ్వు. నిజం చెప్పాలంటే చాలా అందంగా ఉంది. అప్పడంలా ఉంది కూడా.

"ఏంది చాచా గిది?"

"నా దుకాణంకెల్లి కుట్లు లేని రజాయి పోతదా బేటా? రెండుసార్లు సారు పక్కన కూసోని జబర్దస్తి జేసిండు, ఊకున్న. ఆయన సదువుకున్నోడు, గాని రజాయి సంగతి ఆయనకేం ఎర్క?" డబ్బు తీసుకోలేదు. "దారం బరువుకు ఫికర్ జెయ్యకు. తూచమను. తెల్వనే తెల్వది."

తెలియలేదు. మర్నాడు వాళ్లింటికి తీసుకెళ్లి సంచిలో చుట్టి ఉన్నదాన్ని అట్లాగే ఇచ్చాను. ఆ రాత్రికి వాళ్లింట్లోనే ఉండి పొద్దున నా బ్యాగులోకి ఎక్కుతుంది. ఆయన త్రాసు మీద పెట్టాడు. పద్దెనిమిది గ్రాములు ఎక్కువ. "అతుకు," అని తానే జవాబు చెప్పుకుని పక్కన పెట్టాడు. స్కేలు తియ్యలేదు. సంచి విప్పలేదు. ఇంకా మందుల డబ్బా సర్దాల్సి ఉంది. చెప్పనా అనుకున్నాను. చెబితే ఆ కుట్లన్నీ విప్పుతూ తెల్లవార్లూ కూర్చుంటాడు, నన్నూ కూర్చోబెడతాడు. నాలుగు కుట్లకు ఏమవుతుందిలే అనుకున్నాను. ఎం.ఏ. చదివినవాణ్ని.

గఢ్వాల్ కొండల్లో నాలుగో రోజు మంచు పడింది. మోకాలి దాకా దిగబడుతూ నడిచాం. టెంటు వేసేసరికి ఇద్దరి బూట్లూ తడి, మేజోళ్లూ తడి. ఆయన దగ్గర పొడి జత ఒకటే ఉంది. మూడో జత బరువు అరవై గ్రాములని ఏనాడో మానేశాడు. ఆ ఒక్క జతనూ నాకిచ్చాడు, నావి వాగులో పడ్డాయి కాబట్టి.

పడుకున్న పది నిమిషాలకే నాకు తెలిసింది. చలి గీతలు గీతలుగా వచ్చింది. ఎక్కడెక్కడ కుట్టు ఉందో లెక్కపెట్టి చెప్పగలను. రొమ్ము మీద పువ్వు ఆకారంలో వచ్చింది. పళ్లు టకటకలాడుతుంటే ఆపుకోలేకపోయాను.

"ఏందయ్యా?"

"చలి సార్."

ఆయన చీకట్లో లేచాడు. తన రజాయి తీసి నా మీద వేసి, నాది లాక్కున్నాడు. "నాది తీస్కో. నాకు ఉక్కపోస్తుంది," అన్నాడు. నేను వద్దనలేదు. కుట్ల సంగతీ చెప్పలేదు. ఆ రాత్రి చాలా బాగా నిద్రపోయాను. ఈ వాక్యం రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

తెల్లారి చూస్తే ఆయన కూర్చుని ఉన్నాడు. పాదాలు రెండూ చేతుల్లో పట్టుకుని ఉన్నాడు. వేళ్లు కొవ్వొత్తుల్లా తెల్లగా, గట్టిగా ఉన్నాయి. గిల్లి చూపించాడు. ఏమీ తెలియడం లేదన్నాడు, వేరే ఎవరి కాళ్ల గురించో చెబుతున్నట్టు. ఒళ్లో రజాయి పరిచి ఉంది. వెలుగొచ్చాక చూసుకున్నాడన్నమాట. ఒక కుట్టు మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా నడిపించాడు. పువ్వు దగ్గర ఆగాడు.

"ఇది ఎవరు ఏపిచ్చిన్రు?"

భయమేసినప్పుడు నాకు సాధారణంగా జోకు వస్తుంది. రాలేదు. ఆయనే అన్నాడు, కొండ వైపు చూస్తూ:

"అక్కనా?"

"ఔ సార్," అన్నాను.

ముందు కిందికి దించుదాం, దవాఖానలో పడ్డాక నిజం చెబుదాం అనుకున్నాను. నన్ను నేను సమర్థించుకోవడం లేదు. ఏమనుకున్నానో చెబుతున్నాను.

కిందికి దిగడానికి రెండు రోజులు పట్టింది. అక్కడి ఆసుపత్రిలో అయిదు వేళ్లు తీసేశారు, ఎడమ కాలివి మూడు, కుడి కాలివి రెండు. మత్తు దిగాక ఆయన డాక్టరును అడిగిన మొదటి మాట, "అన్ని కలిపి ఎన్ని గ్రాములుంటయి?" డాక్టరు కుర్రవాడు. సమాధానం చెప్పకుండా బయటికి వెళ్లిపోయాడు. నేను నవ్వాను. ఆయన నన్ను చూసి మెచ్చుకోలుగా తలూపాడు. నిజం చెప్పడానికి అంత మంచి అవకాశం నాకు మళ్లీ రాలేదు. నవ్వి ఊరుకున్నాను.

నాంపల్లి స్టేషనులో అక్క ఎదురొచ్చింది. చంకలో నాలుగు కిలోల దూది రజాయి. ఏడవలేదు, నర్సు కదా. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, కట్లు చూసి, ఆ రజాయి ఆయన కాళ్ల మీద కప్పింది. ఆయన దాన్ని ఒక చేత్తో మెల్లగా తొలగించాడు.

"బరువు," అన్నాడు.

ఆమెతో ఆయన నిండుగా పలికిన చివరి మాట అదేనని ఆమె తర్వాత చెప్పింది. ఎప్పుడూ పోట్లాడలేదు. ఎందుకు కుట్టించావని ఒక్కసారి అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. అడగడం ఆయన పద్ధతి కాదు. తగ్గించడం ఆయన పద్ధతి. ముందు మాట తగ్గించాడు. తర్వాత ఆమె చేతి అన్నం. కర్ర పట్టుకుని స్టేషను ముందున్న మెస్సుకు కుంటుకుంటూ పోయి తినొచ్చేవాడు. తర్వాత మంచం ముందు గదిలోకి మార్చుకున్నాడు. ఒకే ఇంట్లో ఒకే తాళంచెవి వాడుతూ ఇద్దరు మనుషులు ఎనిమిదేళ్లు అట్లా ఉండొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

మొదటి నెలలో ఆమె ఆఫీసుకు వచ్చింది. నన్ను మెట్ల దగ్గరికి పిలిచింది. "తమ్మీ, వానికేమైంది? నేనేం జేసిన?"

"కాలు నొప్పి అక్కా. తగ్గుతది."

ఆయనకు చెబుదామని ఒకసారి ఇరానీ హోటలుకు తీసుకుపోయాను. చాయ్ వచ్చింది. "సార్, ఆ రజాయి సంగతి..." అన్నాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "నలిగింది పోనియ్యి. మళ్ల లేపకు." నేను చెప్పబోతే ఆయనే ఆపాడని ఇక్కడ రాసుకోవచ్చు. నిజానికి చెప్పబోతున్నవాడి ముఖం పెట్టాను. ఆయన ఆపగానే నాకు కలిగిన హాయి గుర్తుంది. సమోసా కూడా తెప్పించుకున్నాను.

చాచా ఎప్పుడు కనబడినా "బేటా, ఆ రజాయి ఎట్లుంది?" అని అడిగేవాడు. మంచిగుంది చాచా అనేవాణ్ని. అలవాటైపోయింది.

సారుకు కడుపులో పుండు అన్నారు మొదట. తర్వాత ఆ మాట మార్చారు. చివరి రెండు నెలలు అక్కే చూసుకుంది. వేరే దారి లేదు. మెస్సుకు నడవలేడు. ఆమె ఎత్తితే లేచేవాడు, దించితే పడుకునేవాడు. ఆమె ఎత్తగలిగేంత తేలికైపోయాడు. ఆ మాట అటెండరు చెప్పాడు. నేను వెళ్లలేదు.

ఫోనొచ్చిన ఆ రోజు నేను వెళ్లేసరికి పన్నెండైంది. ముందు గదిలో బల్ల మీద పెట్టె, మూత తీసి ఉంది. చలికాలం కాబట్టి ఐసు అక్కర్లేదన్నారు. చర్చి నుంచి అయ్యగారు మూడింటికి వస్తారు. సందులోవాళ్లు బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. లోపల ఆమె ఒక్కతే, పెట్టె కాళ్ల వైపు స్టూలు మీద. డెబ్బై దాటింది. నన్ను చూసి లేవబోయి మానేసింది.

"రా తమ్మీ. సన్నగైనవ్."

నేను సన్నబడలేదు. ఆమెకు ఎవరైనా సన్నగానే కనబడుతున్నట్టున్నారు.

కూర్చున్నాను. ఆమే మొదలుపెట్టింది, నా వైపు చూడకుండా. "రెండు నెల్లు ఎత్తిన, దించిన. కడిగిన. కండ్లు తెర్సి నన్నే చూస్తుండె. ఒక్క మాట మాట్లాడలే. నేనేం జేసిన్నో చెప్పి పోయినా అయిపోతుండె. నువ్వుంటివి గద ఆడ. నీకేమన్న చెప్పిండా?"

ఇరవై నిమిషాల దారిలో వాక్యాన్ని చాలా రకాలుగా పేర్చుకుంటూ వచ్చాను. ఒక్కటీ రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. మార్నింగ్ షో. చాచా. పువ్వు. రజాయిలు మార్చుకోవడం. తెల్లారి ఆయన అడిగిన మాట. నేను చెప్పిన మాట.

ఆమె పూర్తిగా విన్నది. నర్సులు రోగం చెప్పేవాణ్ని విన్నట్టు, మధ్యలో ఆపకుండా.

"చాచాకు ఎర్కనా?" అంది చివరికి.

"తెల్వదు అక్కా."

"చెప్పకు. ముసలోడు."

బయట ఎవరో దగ్గారు. ఆమె పెట్టె అంచు మీద చెయ్యి పెట్టుకుంది. "ఏపియ్యమని నేనే అంటుంటి గద. ఏడాదికొకసారి అంటుంటి. గందుకే నమ్మిండు వాడు." మళ్లీ అంది. "ఎనిమిదేండ్లు రోజు వానికి ప్లేటు పెట్టిన. తినకపోయినా పెట్టిన. అట్లనే తీసి బోర్లిచ్చిన."

"అక్కా, నన్ను..."

"నాకు కాదు. వానికి చెప్పు."

నాకు అర్థం కాలేదు. అర్థం కానట్టు ఉండిపోయాను. ఆమె లేచి నా భుజం పట్టుకుని పెట్టె దగ్గరికి తోసింది. ఆ వయసులో, రెండు నెలలు మనిషిని ఎత్తి దించిన చెయ్యి. నేను కదిలాను.

"చెప్పు. నవ్వకుంట చెప్పు."

నేను నవ్వుతున్నానని నాకు తెలియదు. చేత్తో మూతి తుడుచుకున్నాను. ఆయన ముఖంలో ఎముకలు మాత్రమే ఉన్నాయి. తెల్ల దుప్పటి మెడ దాకా కప్పారు. వంగాను. వంగాక కూడా కొంచెం దూరమే ఉంది. ఇంకా వంగి, చెవి దగ్గర నోరు పెట్టి, మెల్లగా అన్నాను: "సార్. ఆ కుట్లు అక్క ఏపియ్యలే. నేను చాచా కాడ ఇడిసిపెట్టి పోయిన. మీరు అడిగితే అబద్ధం జెప్పిన."

నిటారుగా లేచి ఆమె వైపు తిరిగాను. అయిపోయిందనుకున్నాను. ఆమె తల అడ్డంగా ఊపుతోంది.

"ఆ చెవి ఇనపడదు వానికి. మందులకు పోయింది. ఇటు దిక్కు చెప్పు."

అటువైపు పెట్టెకూ గోడకూ మధ్య జానెడు సందుంది. ఆమె స్టూలు జరిపి దారిచ్చింది. గోడకు వీపు ఆనించి, పక్కకు అడుగులు వేస్తూ, నేను అందులోకి దూరాను.